అమ్మ మెదడుకు నా డికాక్షన్ వైద్యం

మా అమ్మ మెదడును కాపాడబోయి ఆమె గుండెను పరుగులు పెట్టించిన ఘనుణ్ణి నేను. నాలుగేళ్ల కిందటి మాట. అప్పటి నన్ను తిట్టాలనిపిస్తే నిరభ్యంతరంగా తిట్టండి, నేనూ కలుస్తాను.

ఆ వారం అమ్మ పొయ్యి మీద పాలు పెట్టి రెండుసార్లు మరిచిపోయింది. నన్ను చిన్నాన్న పేరుతో పిలిచింది. మతిమరుపు జబ్బు మొదలైందేమో, రేపు నేనెవరో కూడా గుర్తుండదేమోనని భయం పట్టుకుంది. సరిగ్గా అప్పుడే ఫోన్‌లో ఒక వ్యాసం కనబడింది. కాఫీలోని కెఫీనూ, అది ఒంట్లో విరిగి తయారయ్యే పదార్థాలూ మెదడు కణాలను కాపాడవచ్చట, ఇంకా పరిశోధనలు జరగాలట. ఆ రెండో ముక్క నా కంటికి ఆనలేదు.

మల్కాజ్‌గిరిలో మాది తరతరాల చాయ్ కొంప. కాఫీ అనేది రాజమండ్రి నుంచి నా భార్య సుధతో పాటే వచ్చింది, ఫిల్టర్‌తో సహా. ఆ ఫిల్టర్‌లో నల్లగా దిగేదే కాఫీ అని నేను నమ్మాను. సుధ ఆఫీసుకు వెళ్లగానే దాన్ని చాయ్ గ్లాసు నిండా పోసి, చక్కెర వేసి, నాలుగు చుక్కల పాలు చిలకరించి అమ్మకిచ్చాను. అమ్మ మొహం ముడుచుకుంది కానీ తాగేసింది. మెదడంటే మాటలా, ఒక్క గ్లాసు ఏ మూలకని రోజుకు మూడు చేశాను.

మూడో రోజుకు అమ్మ చేతులు వణికాయి. రాత్రంతా కన్ను మూయకుండా సర్దిన అలమారాలే మళ్లీ తీసి సర్దుతోంది. గుండె దడదడలాడుతోందంది. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నేను చదివితే మా అమ్మ నిద్ర పోయింది. జబ్బు ముదిరిందనుకుని సుధను పిలిపించి, ఆటోలో రాంగోపాల్‌పేట్ డాక్టరు గారి దగ్గరికి పరుగెత్తాం. దారి పొడుగునా కనబడ్డ గుడికల్లా మొక్కాను.

ఆయన గుండె పరీక్ష చేసి, మూడు రోజులుగా ఏం తిన్నారో చెప్పమని అమ్మను అడిగారు. ఉప్మాలో జీడిపప్పు తక్కువైన సంగతితో మొదలుపెట్టి అమ్మ పూటపూటా వల్లించింది.

"మొన్న మూడు గ్లాసులు, నిన్న మూడు, ఇయ్యాల పొద్దుగాల రెండు. నల్లగ, ఇసం లెక్క ఉండె సార్."

సుధ నా వైపు తిరిగింది. "ఏవండీ, డికాక్షన్‌లో పాలు కలపలేదా?"

"నాలుగు చుక్కలు కలిపిన" అన్నాను.

కాఫీ ఆపితే రేపటికి దడ తగ్గుతుందనీ, జ్ఞాపకశక్తికి ఏ లోటూ లేదనీ డాక్టరు గారు చెప్పారు. పొయ్యి మీద మరిచిన పాల సంగతి అడిగితే, తన చెల్లెలితో ఫోన్‌లో పడి మరిచానని అమ్మే ఒప్పుకుంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అంత హాయిగా నేనెప్పుడూ అవమానపడలేదు.

అంత చేదుంటే ఎందుకు తాగావని అడిగాను.

"నలభై ఏండ్లల్ల మొదటిసారి నా కోసం ఏదన్న చేసి తెచ్చినవ్ కొడకా. వద్దంటే మల్ల చేస్తవో చెయ్యవో అని తాగిన."

అక్కడే, డాక్టరు గారి బల్ల సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: ఏ వ్యాసాన్నీ సగం చదివి వంటింట్లోకి నడవను. సుధ ఫిల్టర్‌ను ఈ జన్మకు ముట్టను. అమ్మ చాయ్ మాత్రం రోజూ నేనే పెడతాను, అమ్మ పక్కన నిలబడి పాలు పోయిస్తుంటే.