సోమవారం జరిగిన ఆదివారం ఆరాధన

మల్లమ్మ ఇంట్లో క్యాలెండర్ లేదు. ఎల్.బి. నగర్ దాటాక రోడ్డు పక్కనున్న ద్రాక్షతోటలో పదకొండేళ్లుగా కూలి చేస్తూ, చర్చిలో ఆదివారం ఆరాధన నుంచి ఆరాధనకు రోజులు లెక్కపెట్టుకునేది. ఆరాధన మర్నాడు సోమవారం, దాని మర్నాడు మంగళవారం. అన్నేళ్లలో ఆ లెక్క ఒక్కసారే తప్పింది. దానితో నలుగురు ఖైదీలు జైలు నుంచి బయటపడబోయారు.

అరవైతొమ్మిది తెలంగాణ ఉద్యమం రోజుల్లో, తోట ముందే, ఆ నలుగురూ రెబెక్కను వ్యానులోకి లాక్కుపోతుంటే చూసింది మల్లమ్మ ఒక్కతే. రెబెక్క మల్లమ్మ పొరుగింటి పిల్ల, పంతొమ్మిదేళ్లది, దిల్‌సుఖ్‌నగర్‌లో కుట్టుపని చేసేది. ఒక గదిలో బంధించి, చెరిచి, చివరికి హయత్‌నగర్ రోడ్డు మీద వదిలేశారు. ఎన్ని రాత్రులు గడిచాయో ఆ పిల్ల చెప్పలేకపోయింది. ఎత్తుకుపోయింది ఎప్పుడంటే మాత్రం ఇద్దరూ ఒకే మాట చెప్పారు: ఆరాధన మర్నాడు. పోలీసులు దాన్ని సోమవారం చేసి, తారీఖు వేసి రాసుకున్నారు. శిక్ష పడింది. ఉద్యమంలో తిరిగిన పిల్లల మీద కావాలని పెట్టిన కేసని కొందరు గొణిగారు. ఉద్యమంలో తిరిగితే చేతులు శుభ్రమైపోతాయా అని వాళ్లనెవరూ అడగలేదు.

డెబ్బై ఒకటిలో అప్పీలు విచారణకు వచ్చింది. పోలీసు జీపు మీద రాళ్లేసినందుకు ఆ నలుగురినీ ఆ వారం ఆదివారం సాయంత్రం పట్టుకుని మంగళవారం పొద్దున వదిలినట్టు ఒక ఠాణా రిజిస్టరు బయటపడింది. మల్లమ్మను మళ్లీ విచారించి ఆ సాక్ష్యం పంపమని హైకోర్టు కింది కోర్టును ఆదేశించింది. సర్కారు వకీలు విశ్వేశ్వరరావు ఆమెను పిలిపించాడు.

"సోమవారం వాళ్లు లాకప్‌లో ఉన్నారమ్మా. గోడలోంచి వచ్చి ఎత్తుకుపోయారా?"

"నేను ఆరాధన మర్నాడు అన్న సారూ. సోమవారమని రాసుకున్నది మీరే."

"ఆరాధనంటే ఆదివారమేగా?"

మల్లమ్మ వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. "గా వారం కాదు. ఆదివారమంత కర్ఫ్యూ ఉండె. తెల్లారి జర సడలిస్తే పాస్టరు అయ్యగారు గంట కొట్టిచ్చి ఆరాధన పెట్టిండు. తోట మేస్త్రీని సగం పూట సెలవడిగి పోయిన. ఆదివారమైతే సెలవెందుకడుగుత? దాని మర్నాడంటే మంగళవారం."

"ఈ మాట రెండేళ్ల కిందట చెప్పొచ్చుగా!"

"అప్పుడు ఎవ్వరడగలే."

మేస్త్రీ అప్పటికే చనిపోయాడు. చర్చి రిజిస్టరు తెమ్మన్నాడు వకీలు. పాస్టరు యోబు తెరిచి చూపించాడు. అందులో ఆదివారం తారీఖే ఉంది.

"ప్రభువు దినమైన ఆదివారాన్ని మార్చే అధికారం నాకు లేదు మల్లమ్మా. మిషనోళ్లకు అట్లనే రాసి పంపిన."

"మార్చిండ్రు కద అయ్యగారూ."

"ఇప్పుడు కోర్టుకొచ్చి తప్పు రాసిన్నని చెప్తే సంఘం పరువేం గాను? అయినా ప్రభువు క్షమించుమన్నడు. రెబెక్క కూడ క్షమించి..."

"క్షమిస్తదో లేదో రెబెక్క ఇష్టం. తారీఖు మాత్రం మీ చేతిల ఉన్నది."

ఆ సోమవారం చర్చిలో పాటలు పాడినవాళ్లు ముప్పై మంది దాకా ఉన్నారు. మల్లమ్మ ఇంటింటికీ తిరిగింది. ఒకరికి ఒంట్లో బాగులేదు. ఒకరికి ఆ రోజు అసలే గుర్తులేదు. ఇంకొకరికి ఆ నలుగురిలో ఒకడి మేనమామ దగ్గర కొలువు.

తర్వాతి ఆదివారం సాక్ష్యాలు చెప్పే వేళకు మల్లమ్మ లేచి నిలబడింది. జ్వరం తగ్గిందనో, దొడ్లో పాము కరవలేదనో స్తోత్రం చెప్పుకునే సమయమది.

"సంఘానికి వందనాలు. కర్ఫ్యూ తెల్లారి, సోమవారంనాడు ఈడ ఆరాధన చేసినోళ్లు చెయ్యెత్తుండ్రి."

ఎవరూ కదల్లేదు. ముందు రెబెక్క ఎత్తింది. తర్వాత, ఆడవాళ్ల వరసలో ముందున్న ఎలీశమ్మ చెయ్యెత్తింది. ఆమె పాస్టరు భార్య. యోబు ఆ చేతినే చూస్తూ నిలబడ్డాడు. ఆ వారం ప్రసంగం తొందరగా అయిపోయింది.

కోర్టులో మల్లమ్మ తను చెప్పాల్సింది చెప్పి దిగింది. ఆమె తర్వాత బోనెక్కింది యోబే. రిజిస్టరులో తారీఖు తనే తప్పుగా వేశానన్నాడు.

"దేవుడి పుస్తకంలో అబద్ధం రాసినవాణ్ని మేమెట్లా నమ్మాలి?" అన్నాడు ముద్దాయిల వకీలు.

"నమ్మరని భయపడే ఇన్నాళ్లు రాలేదండి," అన్నాడు యోబు. జడ్జి తలెత్తి అతన్ని చూసి, ఆ మాట కూడా రాయించాడు.

అయిదు నెలలకు హైకోర్టు అప్పీలు కొట్టేసింది. ఆలోపే మిషను వాళ్లు యోబును నల్గొండ వైపు చిన్న ఊరికి మార్చారు. సంఘంలో కొందరు మంచి పాస్టరును మల్లమ్మ పోగొట్టిందన్నారు. ఆమె మాత్రం ప్రతి ఆదివారం ముందు వరసలోనే కూర్చునేది.

తీర్పు వచ్చిన రోజు దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచిపోయింది. రెబెక్క ఎవరిదో రవికెకు గుండీలు కుడుతోంది.

"శిక్ష ఖాయమైంది బిడ్డా."

"నలుగురికా?"

"నలుగురికి."

రెబెక్క దారం కొరికి తెంపింది. "ఇగ నన్ను కోర్టుకు పిలువరు కద పెద్దమ్మా?"

"పిలువరు."

ఇంకో గుండీ కుట్టింది. మళ్లీ అదే అడిగింది. మల్లమ్మ కూడా విసుక్కోకుండా అదే జవాబు చెప్పింది.