వసుధక్క విన్న మూడో మెషీన్

నిన్న పొద్దున ఆఫీసుకి బయలుదేరుతుంటే వసుధక్క నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. బండి స్టాండ్ వేసి, "చెప్పక్కా" అన్నాను.

బావగారి గొంతు. "మీ అక్క ఇక లేదయ్యా" అన్నారు.

నాకు ఎక్కలేదు. ఏంటండీ అని మళ్ళీ అడిగాను. పాపం, ఆయన చేత ఆ మాట రెండుసార్లు చెప్పించాను.

నిద్రలోనే గుండె ఆగిపోయిందట. మొన్న సాయంత్రం కూడా పిల్లలకి పాఠం చెప్పిందట.

తెలియనివాళ్ళ కోసం. వసుధక్క మా పెద్దమ్మ కూతురు. భవానీపురంలో వాళ్ళింటి ముందుగదిలో చాప పరిచి, ఏళ్ళ తరబడి వయొలిన్ నేర్పింది. ఈ పోస్ట్ చదివేవాళ్ళలో కొందరి పిల్లలు ఆమె దగ్గరే నేర్చుకున్నారు.

అందరూ ఆమె సంగీతం గురించి రాస్తున్నారు. నేను వీడియోగేమ్ గురించి రాయాలి. నవ్వుకోండి, పర్లేదు. ఉండుంటే అక్కే ముందు నవ్వేది.

చిన్నప్పుడు వేసవి సెలవులంతా నేనూ తమ్ముడూ పెద్దమ్మ వాళ్ళింట్లోనే. అక్కడ టీవీకి తగిలించే వీడియోగేమ్ ఉండేది. కంపెనీ పేరు కూడా లేని డూప్లికేట్ మెషీన్. మేం పొద్దస్తమానం హాల్లో దాని ముందే పడి ఉండేవాళ్ళం. అక్క పక్కగదిలో సాధన చేసుకునేది.

మధ్యలో వచ్చి, ఒక్క ఆట నాకివ్వండ్రా అని అడిగేది. ఈ లైఫ్ అవ్వగానే ఇస్తాం అనేవాళ్ళం. ఆ లైఫ్ ఎప్పటికీ అయ్యేది కాదు. కాసేపు నిలబడి వెళ్ళిపోయేది.

పెద్దయ్యాక కూడా నాకా పిచ్చి వదల్లేదు. అలాంటి పాత గేమ్స్‌ని ఇంట్లో ఉండే కంప్యూటర్ మీద ఆడించే సాఫ్ట్‌వేర్ ఒకటి సొంతంగా రాసుకున్నాను. ఎమ్యులేటర్ అంటారు. ఆన్‌లైన్‌లో ఫ్రీగా పెడితే నాలాంటి పిచ్చివాళ్ళు కొందరు వాడుతున్నారు.

కిందటేడు దాన్ని బావగారి కంప్యూటర్‌లో వేసి అక్కకి చూపించాను. మన చిన్నప్పటి గేమ్, చూడు అన్నాను.

అక్క చూడలేదు. కళ్ళు మూసుకుని మ్యూజిక్ వింది. "ఇది మనది కాదురా" అంది.

నాకు చిరాకేసింది. ఆ మెషీన్లు రెండు రకాలు. అమెరికా, జపాన్ టీవీలకి ఒకటి, మిగతా దేశాల టీవీలకి ఒకటి. సెట్టింగ్ మార్చి రెండో రకం కూడా వినిపించాను.

"మొదటిదాంట్లో శ్రుతి దాదాపు సరిపోయింది, నడక మాత్రం పరుగు. దీంట్లో నడక సరిపోయింది, శ్రుతి దిగిపోయింది."

ఉన్నవి రెండే రకాలక్కా అన్నాను. క్లాక్ స్పీడ్ అనీ, ఫ్రేమ్ రేట్ అనీ కాస్త క్లాసు కూడా పీకాను. అంతా ఓపిగ్గా విని, "అయితే మనింట్లోది మూడోది" అంది.

ఎప్పటి మోతో ఇప్పుడెలా గుర్తుంటుందని విసుక్కున్నాను. అప్పుడు చెప్పింది. సాధన చేస్తుంటే రోజంతా గోడ అవతల నుంచి ఆ మోతే వినపడేదట. తనకి తెలియకుండానే తీగలు దానికి బిగించుకునేదట. శ్రుతి వెంట్రుకవాసి తగ్గిందని మాస్టారి చేత చీవాట్లు తినేదట.

"మీ ఆటకి నేను తిన్న చీవాట్లురా. ఎలా మర్చిపోతాను?"

అయినా నేను నమ్మలేదు.

అక్క వదల్లేదు. గవర్నర్‌పేటలో పాత టీవీలు బాగుచేసే షాపులో అలాంటి మెషీన్ ఉందని కనుక్కుని, నన్ను ఆటో ఎక్కించింది. ఒళ్ళో వయొలిన్ పెట్టె.

షాపాయన దుమ్ము దులిపి టీవీకి తగిలించాడు. స్విచ్ వేయబోతుంటే అక్క ఆగమంది. స్టూల్ మీద కూర్చుని, కేవలం గుర్తు మీద తీగలు బిగించి, ఆ గేమ్ మొదట్లో వచ్చే ట్యూన్ వాయించింది. ఇప్పుడు వేయండి అంది.

టీవీలోంచి అదే ట్యూన్. అదే శ్రుతి, అదే నడక. అక్క మళ్ళీ కమాను అందుకుని దాంతోపాటు వాయించింది. ఏది వయొలినో ఏది మెషీనో అన్నట్టు కలిసిపోయాయి.

షాపాయన పని ఆపేసి, "ఇదెవరి పాటండీ?" అని అడిగాడు.

"మా తమ్ముళ్ళదండీ" అంది అక్క.

ఆ మెషీన్ కొని విప్పి చూశాను. నిజంగానే మూడో రకం. నడక మన టీవీలకి సరిపడేలా చేసి, శ్రుతిని నిర్ణయించే క్లాక్ మాత్రం మొదటి రకానికి దగ్గరగా పెట్టారు.

ఇక ఈ పోస్ట్ ఎందుకు రాస్తున్నానో చెప్పాలి.

దాని ప్రకారం నా ఎమ్యులేటర్‌ని సరిచేసి ఆన్‌లైన్‌లో కొత్త వెర్షన్ పెట్టినప్పుడు, "మన దగ్గర అమ్మిన డూప్లికేట్ మెషీన్ల టైమింగ్ కనిపెట్టాను" అని నోట్ రాశాను. చాలామంది మెచ్చుకున్నారు. ఎలా పట్టుకున్నారండీ అని ఒకాయన అడిగితే, అనుభవం అని జవాబిచ్చాను.

కావాలని అక్క పేరు దాచలేదు. అసలు గుర్తే రాలేదు. అది ఇంకా సిగ్గుచేటు.

ఆ నోట్ బావగారు అక్కకి చదివి వినిపించారట. తర్వాత వాళ్ళింటికి వెళ్ళినప్పుడు నాకు ముఖం చెల్లలేదు. అక్క కాఫీ ఇచ్చి, కొత్త వెర్షన్ పెట్టించుకుని వింది. "ఇప్పుడు కుదిరిందిరా" అంది. అంతే.

ఆ రోజే మొదటిసారి ఆ గేమ్ ఆడింది. మూడు లైఫులూ నిమిషంలో పోయాయి. పకపకా నవ్వి, "ఇంద, నీ వంతు" అని జాయ్‌స్టిక్ నా చేతిలో పెట్టింది.

అలవాటే కదా, తీసుకున్నాను. సారీ చెప్పాల్సింది. మళ్ళీ వచ్చినప్పుడు చెబుదాంలే అనుకున్నాను.

ఇవాళ పొద్దున ఆ నోట్ మార్చాను. "ఈ తేడా విని పట్టుకున్నది వసుధ, వయొలిన్ టీచర్, భవానీపురం. ఇది రాసినవాడు మొదట నమ్మలేదు." అప్పట్లో మెచ్చుకున్నవాళ్ళందరికీ విడివిడిగా కూడా నిజం రాశాను. నువ్వు ఉండగా చేయాల్సిన పని అక్కా. ఆలస్యం చేశాను.

వెళ్ళిరా అక్కా. ప్రశాంతంగా సాధన చేసుకో.

గోడ ఇవతల మేం ఇక మోత చెయ్యం.