సలీం పేరుతో వచ్చిన ధ్రువపత్రం

సింగపూర్‌లో వైద్య పరికరాలు తయారుచేసే ఒక కంపెనీలో, జురాంగ్ ఈస్ట్ ఆఫీసులో, నేను పదకొండేళ్లు బిల్డ్ ఇంజనీరుగా పనిచేశాను. ఇప్పుడు చెప్పేది నా పదవీ విరమణకు ముందటి ఏడాది ఆగస్టులో జరిగింది. అప్పటికి నేను సీనియర్ ఇంజనీరును. వయసు మీరినవారిని కొనసాగించే ఒప్పందం కోసం నా కాగితాలు మేనేజర్ లిమ్ బల్లమీద ఉన్నాయి.

మేము తయారుచేసేది సెలైన్‌ను కొలత ప్రకారం రోగి నరంలోకి ఎక్కించే పంపు. సీసా ఖాళీ అయినా, గొట్టంలో గాలి బుడగ చేరినా అది అలారం మోగించాలి. ప్రోగ్రామర్లు రాసిన వందలాది ఫైళ్లను కూర్చి, పరీక్షించి, పంపులోకి ఎక్కించడానికి సిద్ధంచేసే సాధనాన్ని బిల్డ్ టూల్ అంటారు. దానితో వచ్చే పనులు చాలనప్పుడు మన సొంత పనిని రాసి చేర్చుకోవాలి. అది కస్టమ్ టాస్క్. ఏ ఫైళ్లు మారితే ఆ టాస్క్ మళ్లీ నడవాలో రాసేవాడే చెప్పాలి. వాటిని ఇన్‌పుట్లు అంటాం. చెప్పిన ఇన్‌పుట్లు మారకపోతే టూల్ ఆ పని మళ్లీ చేయదు. సర్వర్‌లో దాచిన పాత ఫలితాన్నే తెచ్చి పెడుతుంది.

అలారం ధ్రువపత్రం టాస్క్ నేను రాసిందే. అది బిల్డ్‌ను ఆపి, అలారం విన్నారా అని పరీక్షకుణ్ణి అడుగుతుంది. ఆయన జవాబును, పేరును దాచుకుంటుంది. దానికి వెర్షన్ సంఖ్య, ఆనాటి తేదీ వేసి పత్రం చేయడం తరువాతి టాస్క్ పని.

పరీక్షకుడు సలీం. హైదరాబాదువాడు, బుకిట్ బటోక్‌లో కాపురం. పంపును బల్లమీద పెట్టి, ఆరు అడుగులు లెక్కపెట్టుకుంటూ తలుపు దాకా నడిచి, కళ్లు మూసుకుని వినేవాడు. ఎందుకలా అని ఒకసారి అడిగాను.

“నర్సు తలుపు కాడ ఉంటది జాన్ భాయ్, పంపు కాడ కాదు,” అన్నాడు.

మొదట్లో నా టాస్క్ ఏ చిన్న మార్పు జరిగినా ఆయన్ను పిలిచేది.

“అల్లా ముందు రోజుకు అయిదుసార్లు నిలబడతా. నీ టాస్క్ ఇరవైసార్లు నిలబెడుతుంది. జర తగ్గించు మియా.”

నేను నవ్వి ఇన్‌పుట్లు తగ్గించాను. అలారం ప్రోగ్రాము ఉన్న ఫోల్డరును ఉంచి, శబ్దాల ఫోల్డరును తీసేశాను. శబ్దం మారినప్పుడల్లా సలీం ఎవరూ అడగకుండానే వెళ్లి వింటాడని మా అందరికీ తెలుసు.

జూలైలో సలీం గుండెపోటుతో పోయాడు. జనాజా నమాజు జరుగుతుంటే వెనక వరుస అవతల నిలబడి నా పద్ధతిలో నేను ప్రార్థన చేసుకున్నాను. ఆయన స్థానంలో ఎవరినీ వేయలేదు.

అయిదు వారాల తరువాత, ఒక గురువారం మధ్యాహ్నం, విడుదల పత్రాలు చూసే మెయ్ లింగ్ ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. కొత్త వెర్షన్ సంఖ్య. ఆ ఉదయపు తేదీ. కింద ‘విన్నాను, స్పష్టంగా ఉంది. సలీం.’

“సెవెంత్ మంత్ లా, అంకుల్,” అందామె గొంతు తగ్గించి. “డోంట్ టచ్.”

చైనీయుల పంచాంగంలో ఏడో నెల, చనిపోయినవారు తిరిగి వస్తారని నమ్మి వారి కోసం కాగితాలు కాల్చే నెల అది. పొద్దున మా బ్లాకు కింద కాల్చిన బూడిద నా బూటుకు ఇంకా అంటుకునే ఉంది. నేను బిల్డ్ మళ్లీ నడిపాను. రెండు క్షణాల్లో అదే పత్రం, అదే పేరు. మళ్లీ నడిపాను. తెరమీద ఆ టాస్క్ ఎదురుగా టూల్ ఒకే మాట రాసింది: మార్పు లేదు. ఆ మాటకు అర్థం నాకు తెలియనిది కాదు. అయినా అది సలీం గురించే చెబుతున్నట్టు అనిపించింది. పక్క వరుసలో ఆయన కుర్చీ తలుపు వైపు తిరిగి ఉంది. నేను తెర ఆపేసి ఇంటికి వెళ్లిపోయాను.

పోయినవారు మన పనుల్లో చేయి పెట్టరని ఇరవై ఏళ్లుగా ఆదివారం తరగతిలో పిల్లలకు బోధించినవాణ్ణి. మరునాడు సాయంత్రం బెడోక్‌లో మా తెలుగు క్రైస్తవ సంఘం కూడికలో ఈ విషయం చెప్పి, ఆ కలవరం పోయేలా ప్రార్థించమని అడిగాను. మార్తమ్మ ఆంటీ ముప్ఫై ఏళ్లు వార్డులో నర్సుగా చేసిన మనిషి. మోకరించబోతూ ఆగింది.

“చేద్దాం నాయనా. ఆ అలారం మాత్రం ఎవరు విన్నారు?”

సోమవారం ఉదయం ఆ వెర్షన్‌ను ఒక ఆసుపత్రి వార్డులోని పంపులన్నిటిలోకి ఎక్కించాల్సి ఉంది.

శనివారం పదింటికి ఆఫీసుకు వెళ్లాను. ఎవరూ లేరు. కొత్త వెర్షన్ ఎక్కించిన పంపును పరీక్ష గదిలో పెట్టి, దాదాపు ఖాళీ అయిన సీసా తగిలించి, ఆరు అడుగులు నడిచి తలుపు దగ్గర నిలబడ్డాను. చివరి చుక్క పడింది. ఎర్రదీపం వెలిగి ఆరుతోంది. శబ్దం లేదు. పంపు తనలో తాను మోగుతూ ఉండి, నాకు మాత్రం వినిపించకుండా పోతున్నట్టు ఉంది. దగ్గరికి వెళ్లి చెవి ఆనించాను. గోడ గడియారం కంటే సన్నగా ఏదో టిక్కుమంటోంది.

తరువాత ఫైళ్లు చూశాను. సలీం పోయిన తరువాతి వారంలో కొత్త స్పీకరు కోసం శబ్దాల ఫైళ్లు మార్చారు; పాత స్పీకరున్న పంపుల్లో అవి సరిగా పలకవు. ఆ ఫోల్డరు ఇన్‌పుట్ కాదు కనుక నా టాస్క్ ఎవరినీ అడగలేదు. సలీం చివరి జవాబునే ప్రతి వెర్షన్‌కూ తెచ్చి పెట్టింది.

లిమ్‌కు ఫోన్ చేశాను. విడుదల వెంటనే ఆపించాడు. రిపోర్టులో టూల్ లోపమని రాస్తే సరిపోతుందేమో, నీ ఒప్పందం ఇంకా నా బల్లమీదే ఉంది, అని మెల్లగా అన్నాడు. శబ్దాల ఫోల్డరును తీసేసింది నేనేనని, ఏ రోజు తీశానో కూడా రాసి పంపాను. శబ్దాలు మారకముందు, ఇలాగే దాచిన జవాబుతో ఆయన పేరుమీద వెళ్లిన రెండు వెర్షన్లను తెప్పించి విన్నాం. వాటిలో పాత శబ్దమే ఉంది, బాగానే మోగింది. నా ఒప్పందం పొడిగించలేదు.

వెళ్లేలోగా ఆ టాస్క్‌ను తిరిగి రాశాను. శబ్దాల ఫోల్డరు ఇన్‌పుట్ల జాబితాలో చేరింది. మనిషి ఇచ్చిన జవాబును దాచి మళ్లీ వాడే వీలు తీసేశాను. పేరు ఆ రోజు ఉద్యోగుల జాబితాలో లేకపోతే బిల్డ్ ఆగిపోతుంది. ఆరు అడుగుల దూరం పరీక్ష విధానంలో ఒక అంశమైంది.

అడగకుండానే పని చేసే మనిషి ఉన్నచోట ఆ పని ఎక్కడా రాసి ఉండదు. ఆ మనిషి లేని రోజున టూల్‌కు తేడా తెలియదు. దానికి చెప్పాల్సింది నేను, చెప్పలేదు. గురువారమే తెలుసుకోగలిగిన దానికి భయపడి రెండు రోజులు వృథా చేశాను. అదీ రిపోర్టులో రాశాను.