కుందేలుకు ఎలుక వాసన

2005 ఫిబ్రవరిలో నేను సౌదీ అరేబియాలోని ఉనైజా ఊరి బయట, ఒక పెద్ద ఆసామి ఖర్జూర తోటలో వెటర్నరీ అసిస్టెంటుగా చేరాను. తోట వెనక ఆయన సరదాగా పెంచుకునే జంతువులుండేవి. లేళ్లు, డేగలు, తాబేళ్లు, వాటితోపాటు పదకొండడుగుల ఆడ కొండచిలువ ఒకటి. నా పైన డాక్టరు నెలకోసారి రియాద్ నుంచి వచ్చి, రిజిస్టరు చూసి, సంతకం పెట్టి వెళ్లేవాడు. మిగతా రోజుల్లో డాక్టరూ నేనే, కాపలావాణ్ణీ నేనే. తోటలో తెలుగు మాట్లాడే మనిషి ఇంకొకడు మాత్రం ఉన్నాడు. కడప నుంచి వచ్చిన డ్రైవరు ఖాజా. అతను వారంలో నాలుగు రోజులు బండి మీదే ఉండేవాడు.

నా భార్య కరుణ రియాద్‌లో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. నర్సుల హాస్టల్లో ఉండేది, అక్కడికి మగవాళ్లను రానివ్వరు. రెండు మూడు నెలలకోసారి కఫీల్ దగ్గర, అంటే నా వీసాకు పూచీ ఉన్న ఆ తోట ఆసామి దగ్గర, కాగితం రాయించుకుని బస్సెక్కేవాణ్ణి. రియాద్‌లో ఆమె పిన్ని కూతురింట్లో మధ్యాహ్నం భోజనం చేసి, సాయంత్రం ఎవరి దారిన వాళ్లం వెళ్లేవాళ్లం. పెళ్లయిన ఆరేళ్లలో మేమిద్దరం ఒక ఇంట్లో వరసగా నలభై రోజులకు మించి ఉన్నది లేదు.

కొండచిలువకు మేత రియాద్‌లో ఒక వ్యాపారి దగ్గర నుంచి వచ్చేది, మంచులో గడ్డకట్టించిన పెద్ద ఎలుకలు. నేను చేరిన ఏడాదే ఆ వ్యాపారి దుకాణం కట్టేశాడు. కఫీల్ గొర్రె మాంసం ముక్కలు పెట్టమన్నాడు. వద్దన్నాను. పాముకి ఒట్టి కండ సరిపోదు. ఎముకలు, లివరు, పేగులతో సహా ప్రాణి మొత్తం కడుపులోకి వెళ్తేనే కాల్షియం అందుతుంది. ఖాజా పాలు పోయమన్నాడు. పుట్టలో పాలు పోసే ఊళ్ల నుంచి వచ్చినవాళ్లం కదా, అతన్ని తప్పుపట్టను. పాము పాలు తాగదు. కొండచిలువకు గుడ్డు కూడా పనికిరాదు. కోడిపిల్లలు పెట్టి చూశాను, ముట్టలేదు. తిన్నా అంత ఒంటికి అవి ఏ మూలకీ రావు, పైగా విరేచనం పలచబడుతుంది. ఇక మిగిలింది కుందేలు. పోషణకు ఎలుకకు ఏమాత్రం తీసిపోదు, పక్క తోటల్లోనే దొరుకుతుంది. చిక్కల్లా ఒకటే, అది కుందేలును తిండిగా గుర్తించలేదు. పుట్టినప్పటి నుంచి ఎలుక వాసనే తిండి అనుకున్న జంతువు. పది వారాలు ముట్టలేదు. ప్రతి శనివారం తూకం వేసేవాణ్ణి. బరువు తగ్గుతూ వచ్చింది, వెన్ను పక్కల చర్మం ముడత పడింది.

పక్కనున్న బురైదా పట్నంలో ఒక పెంపుడు జంతువుల కొట్లో తెల్ల ఎలుకలుండేవి, కొండచిలువ మేతకు సరిపోయేటన్ని కావు. మందుల కోసం వెళ్లినప్పుడు వాటి పంజరంలో పరిచిన పాత రంపపు పొట్టు అడిగి, బిస్కెట్ల డబ్బాలో మూతపెట్టి తెచ్చాను. చచ్చిన కుందేలును ఫ్రిజ్‌లో మంచు కరిగించి, వేడినీళ్ల బకెట్లో ఒంటివేడి వచ్చేదాకా ఉంచి, తుడిచి, ఆ పొట్టుతో తల నుంచి భుజాల దాకా రుద్దాను. పొడవాటి పటకారుతో పట్టుకుని దాని ముందు కాస్త కదిలించాను. నాలుక రెండు మూడుసార్లు ఆడింది. మరుక్షణం కుందేలు దాని చుట్టలో ఉంది. ఆ ఉదయం నేను ఒంటరిగా గోడకానుకుని ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. ఆ సంతోషం చెప్పుకోవడానికి చుట్టుపక్కల ఎవరూ లేరు.

అక్కడే నేనొక తప్పు చేశాను. మేత రిజిస్టరులో "కుందేలు, ఒకటి, తిన్నది" అని రాశాను కాని, పొట్టు సంగతి రాయలేదు. కఫీల్ అడిగితే, అది నా చేతికి అలవాటు పడింది, వేరేవాళ్లు పెడితే తినదు అన్నాను. నా ముందు పనిచేసిన అసిస్టెంటును, పని గాడిన పడ్డాక ఫైనల్ ఎగ్జిట్, అంటే మళ్లీ రావడానికి వీల్లేని ముద్ర, కొట్టి ఇంటికి పంపేశారని విన్నాను. నేను లేకపోతే గడవదనుకుంటేనే ఉంచుతారని నా లెక్క. అప్పటి నుంచి మూడు వారాలకోసారి, తెల్లవారగానే, తలుపు గడియ పెట్టుకుని మేత పెట్టేవాణ్ణి. కొత్త మనిషి వాసన తగిలితే బెదురుతుందని అందరితో చెప్పాను. ఏడాది గడిచేసరికి ఆ మాట నేనే సగం నమ్మాను. దానికి నేను కావాలి అనుకోవడం, ఆ తోటలో నాకు కాస్త బాగానే ఉండేది.

2007 ఏప్రిల్‌లో కరుణకు నలభై అయిదు రోజుల సెలవు మంజూరైంది. తేదీలు మార్చే వీలు లేదు, పోతే మళ్లీ ఏడాదికే. నేనూ సెలవడిగాను. వెళ్లి తిరిగి రావడానికి ఎగ్జిట్ రీఎంట్రీ ముద్ర కావాలి, పాస్‌పోర్టు కఫీల్ దగ్గరుంటుంది. ఆయన కోప్పడలేదు. పాము నీ చేత్తో తప్ప తినదని నువ్వే చెప్పావు కదా, వేసవిలో డాక్టరు ఇంకొకణ్ణి తయారుచేశాక వెళ్లు అన్నాడు. నా మాటే నా కాళ్లకు చుట్టుకుంది.

శుక్రవారం ఫోన్లో కరుణకు జరిగింది జరిగినట్టు చెప్పాను, పొట్టు సంగతితో సహా. ఆమె అంతా విన్నది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"పాముకి మీరు తప్ప దిక్కు లేదని ఊరంతా చెప్పారు. నాకూ మీరు తప్ప దిక్కు లేదని ఎవరికైనా ఒక్కసారన్నా చెప్పారాండీ?"

ఫోను పెట్టేసింది.

తరువాతి మేత రోజున కఫీల్‌ను రమ్మన్నాను. గడియ పెట్టలేదు. పటకారు ఖాజా చేతికిచ్చి, డబ్బా తెరిచి, ఎలా రుద్దాలో చూపించాను. చెయ్యి కొత్తదని పాము వెనకాడలేదు. రెండు నిమిషాలు తిరగకుండా కుందేలును పట్టేసింది. తిన్నాక నాలుగైదు రోజులు ముట్టుకోకూడదు, ముట్టుకుంటే కక్కేస్తుంది అని చెప్పాను. అది తిన్నందుకు సంతోషించవలసిన నేను చిన్నబోయాను.

ఖాజా చెయ్యి కడుక్కుంటూ, "ఇంతేనా అన్నా? దీనికేనా ఇన్ని దినాలు తలుపేసుకుంటివి?" అన్నాడు.

కఫీల్ రిజిస్టరు తెప్పించి ఏడాది పేజీలు తిరగేశాడు. ఎక్కడా పొట్టు ప్రసక్తి లేదు. పాము గురించి దాచినవాడు లేళ్ల గురించి, డేగల గురించి రాసింది నిజమని నేనెలా నమ్మను అని అడిగాడు. అరవలేదు. అది న్యాయమైన ప్రశ్న. అది, ఇక్కడికి రాకముందు చేసిందీ కలిపి, నా పదకొండేళ్ల సర్వీసులో ఎవరూ అడగని ప్రశ్న కూడా. పది రోజుల తర్వాత పాస్‌పోర్టు నా చేతికొచ్చింది. అందులో ఉన్నది రీఎంట్రీ కాదు, ఫైనల్ ఎగ్జిట్.

కరుణా నేనూ ఒకే విమానంలో వచ్చాం. నలభై అయిదు రోజులూ పాలకొల్లులో ఒకే ఇంట్లో ఉన్నాం. నలభై ఆరో రోజున ఆమె ఒక్కతే తిరిగి వెళ్లింది. ఇంకో నాలుగేళ్లు అక్కడే పనిచేసింది. అంతకుముందు మా మధ్య ఒక బస్సు ప్రయాణం ఉండేది, ఆ తర్వాత సముద్రం వచ్చింది. నేను ఏలూరులో ఒక ప్రైవేటు పశువుల ఆసుపత్రిలో చేరి, అక్కడే రిటైరయ్యాను.

జంతువు గుర్తుపెట్టుకునేది వాసననీ, వేడినీ, వేళనీ. పెట్టే చెయ్యి ఎవరిదన్నది దానికి అక్కర్లేదు. ఈ సంగతి పుస్తకాల్లో ముందే చదివాను, నమ్మడానికి ఏడాది పట్టింది. ఏలూరులో నా కింద పనిచేసిన కుర్రాళ్లెవరైనా, సార్, ఇది నేను పెడితేనే తింటుంది అని గొప్పగా చెబితే, పద్ధతి మొత్తం కాగితం మీద రాయించి, సంతకం పెట్టించి, నాలుగు రోజులు సెలవు మీద ఇంటికి పంపేవాణ్ణి. ప్రతిసారీ ఆ జంతువు తిన్నది.