కొళాయి ఉన్న నాలుగో ఇల్లు

ఎనభై దాటిన ఒక అవ్వకు ఆమె పుట్టిల్లు ఎక్కడుందో నేను నేర్పించాను. ఆమె కాదు కాదంటున్నా వినకుండా, ఫోటో చూపించి మరీ నేర్పించాను. ఆ ఘనకార్యాన్ని ఊరిగాంలో ఇప్పటికీ తలా ఒక రకంగా చెప్పుకుంటున్నారు. వాళ్ళు ఇంకా నాలుగు ముక్కలు కలిపేలోపు నేనే చెప్పేస్తే, పరువు ఏ మూలైనా కొంచెం మిగులుతుందని ఆశ.

అప్పుడు నాకు పాతికేళ్ళు. ఊరిగాంలో నాదొక చిన్న ఫోటో స్టూడియో. రోజంతా పాస్‌పోర్ట్ ఫోటోలు తీస్తూ, "గడ్డం కొంచెం పైకి" అనడమే నా కళాసేవ. అలాంటి నాకు పాత సామాన్ల అంగడిలో ఒక చెక్కపెట్టె దొరికింది. దాన్నిండా గాజు పలకలు. ఫిల్ము పుట్టకముందు ఫోటోలు ఈ పలకల మీదే తీసేవాళ్ళు. వెలుతురుకు పెట్టి చూస్తే గుండె ఝల్లుమంది. మా బంగారు గనుల ఊరు అప్పుడప్పుడే లేస్తున్న రోజులు. కొత్త చర్చి, దానికి అటూ ఇటూ గని కార్మికులకు కట్టిన లైను ఇళ్ళు, కంపెనీ దొరల బంగళాలు.

గాజు పలకకు ఒక వైపు నున్నగా మెరుస్తుంది, బొమ్మ అంటుకున్న రెండో వైపు మెరుపు లేకుండా మసకగా ఉంటుంది. మెరిసే వైపు పైకి పెడితే లైటు పడి తళుక్కుమంటోందని, నేను తెలివిగా పలకలన్నీ తిప్పి పెట్టి కెమెరాతో తీశాను. ఆ తెలివిని గుర్తుపెట్టుకోండి, దానితో మనకు పని ఉంది.

పెద్ద పెద్ద కాగితాల మీద అచ్చువేయించి ఒక బడి హాల్లో ప్రదర్శన పెట్టాను. జనం విరగబడి వచ్చారు. ప్రశ్నలూ వచ్చాయి.

"ఏమప్పా, సుత్తి పట్టుకున్నోళ్ళంతా ఎడంచేత్తో పట్టుకోనుండారే?" అన్నాడు ఒక పెద్దాయన.

"గని లోపల రాయి అలా ఉంటుంది సార్. ఎడంచేత్తో కొడితేనే పగులుతుంది," అన్నాను.

"ఆడోళ్ళ పైట కుడి భుజం మీద ఉండాదే?" అంది ఒకామె.

"ఆ కాలంలో అదే ఫ్యాషనమ్మా."

ఇంత చరిత్ర నాకెవరు నేర్పారని మీరు అడగవచ్చు. ఎవరూ నేర్పలేదు. మైకు చేతికొస్తే అదే వచ్చేస్తుంది.

రెండో రోజు టేకల్ నుంచి మునెమ్మ అవ్వ వచ్చింది. వెంట కొడుకు నారాయణప్ప. అవ్వ ఇక్కడి లైను ఇంట్లో పుట్టింది. వాళ్ళ నాయన చిత్తూరు పక్క పల్లె నుంచి గని పనికి వచ్చినవాడు. పెళ్ళయి టేకల్లో రాగి చేలలోకి వెళ్ళాక మళ్ళీ ఇటు రాలేదు.

"పుట్టింటి గడపకు ఒక్కసారి పసుపు పూయల్లంటాదప్పా," అన్నాడు నారాయణప్ప. "కాళ్ళు ఆడేటప్పుడే పోదాం రా అని నెల దినాలుగా నా ప్రాణం తీస్తా ఉండాది."

అవ్వ చర్చి ఫోటో ముందు నిలబడింది. "మా ఇంటి ముందర కొళాయి ఉండె. చర్చికి ఎడంపక్క నాలుగో ఇల్లు."

ఫోటోలో కొళాయి ఉంది. నాలుగో ఇంటి ముందే ఉంది. కానీ కుడిపక్క ఉంది.

"కుడిపక్కవ్వా," అన్నాను.

"ఎడంపక్కప్పా. నేను పుట్టిన ఇల్లు నాకు తెలీదా?"

"వయసైంది కదవ్వా, మనిషి మరిచిపోతాడు. ఫోటో మరిచిపోదు."

ఈ మాట నాకు ఎంత నచ్చిందంటే, అక్కడున్న వాళ్ళందరికీ వినబడేలా ఇంకోసారి అన్నాను. అవ్వ నన్ను ఎగాదిగా చూసి, "చదువుకున్నోడివి, నువ్వు చెప్పినట్లే కానీ," అంది.

ఆ ఫోటోల చిన్న కాపీలు సంచిలో వేసుకుని నేనే దగ్గరుండి తీసుకెళ్ళాను. కుడిపక్క నాలుగో ఇంట్లో ఫిలోమినా ఆంటీ ఉంటుంది. సంగతి చెప్పగానే చాప పరిచింది. "చెయ్యండి తంబీ, పరవాయిల్లే. ఏ దేవుడొచ్చినా మా ఇంటికి మంచిదే గదా," అంది. అవ్వ గడపకు పసుపు పూసింది, కుంకుమ పెట్టింది, టెంకాయ కొట్టింది. అంతా అయ్యాక గడప మీద కూర్చుని అటూ ఇటూ చూసింది.

"సాయంకాలం ఎండ మా గడప మీద పడతా ఉండె," అంది మెల్లగా. "ఇక్కడ పడలేదే."

"ఇప్పుడు పెద్ద ఇళ్ళు లేచాయి కదవ్వా, అడ్డం వచ్చుంటాయి."

"కొళాయి?"

"పీకేసుంటారు."

ఆమె ముఖంలో నేననుకున్న సంతోషం లేదు. నాకే మనసు చివుక్కుమని, కాఫీ తాగి వెళ్ళమని మా ఇంటికి పిలిచాను. మా ఇల్లు చర్చికి అవతలిపక్క. ఎడమవైపు. ఎన్నో ఇల్లో చెప్పను, మీరు నాకన్నా తెలివైనవాళ్ళు.

అమ్మ కాఫీ కలుపుతోంది. అవ్వ మా గడప మీద కూలబడింది. ఎండ నేరుగా ఆమె ఒళ్ళో పడింది. ఆమె చెయ్యి మెట్టు పక్కన ఏదో తడిమి ఆగిపోయింది. "ఇది యాడిదప్పా?"

అది నేలలోంచి జానెడు లేచిన తుప్పు పైపు ముక్క. బుద్ధి తెలిసినప్పటి నుంచి నా బొటనవేలు దానికి తగలని వారం లేదు. "పాత ఇనుమవ్వా. ఆదివారం కోయించేస్తా..." అంటూ ఉండగానే నాకు కొళాయి గుర్తొచ్చింది.

సంచిలోంచి ఫోటోలు తీసి, ఒక్కొక్కటీ వెనుకవైపు నుంచి ఎండకు పట్టి చూశాను. పైటలన్నీ బుద్ధిగా ఎడమ భుజానికి వచ్చేశాయి. సుత్తులు కుడిచేతుల్లోకి మారాయి. కొళాయి చర్చిని దాటుకుని ఎడమపక్క నాలుగో ఇంటి ముందు నిలబడింది. మా ఇంటి ముందు. నేను తిప్పింది పలకలను కాదు, ఊరినే.

"అమ్మా," అన్నాను నీరసంగా, "పసుపు ఉందా?"

అమ్మ పసుపు గిన్నెతో వచ్చింది. విషయం విని నన్నొక చూపు చూసింది. "పాతికేండ్లుగా కాలు కొట్టుకుంటా ఉండావు, అది ఏందని ఒకనాడన్నా చూసినావా?"

అవ్వ మా గడపకు పసుపు పూసింది. పూసిన చోటే మళ్ళీ మళ్ళీ పూసింది. నాకు సిగ్గూ వేసింది, సంతోషమూ వేసింది, రెండూ కలిసి కళ్ళలోంచి వచ్చాయి. అప్పుడామె లేచి నా చెయ్యి పట్టుకుంది.

"రాప్పా, నీ ఇల్లు నీకు చూపిస్తాను. ఇది గూడు, మాయమ్మ దీపం పెట్టేది. ఇది పొయ్యి మూల. ఈ గోడ దగ్గిర నేను పుట్టింది. బాగా చూసుకో, మళ్ళా మరిచిపోతావు. నీకూ వయసొస్తాది గదా."

పైపు ముక్క కోయించలేదు. ఫిలోమినా ఆంటీ మాత్రం టెంకాయ కొట్టించుకున్న ఇల్లు తనదేనని ఇప్పటికీ వచ్చినవాళ్ళకు చూపిస్తుంది, ఆ గౌరవం తిరిగివ్వనంటోంది.

కాబట్టి నలుగురి ముందు నా కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఒక అవ్వ ఒకటి చెప్పి, ఫోటో ఇంకొకటి చెబితే, ముందు ఫోటోను తిప్పి చూస్తాను, అవ్వను తిప్పను. ఇది కుడిచెయ్యేనని అమ్మను అడిగి తెలుసుకున్నాకే పెట్టుకున్నాను.