పసుప్పచ్చ గోలీలు

మొన్న మోచేతుల మీద దురద పట్టుకుని ఎంతకీ వదలకపోతే నిజామాబాద్‌లో చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లాను. నా టోకెన్ పిలిచేదాకా చేసే పనేముంది, చుట్టూ చూస్తూ కూర్చున్నాను. హాలు నిండా ఆడపిల్లలే. స్కూటీలు బయట నిలిపి వచ్చారు గాని ఒక్కరూ ముఖానికి చుట్టుకున్న స్కార్ఫ్ విప్పలేదు. ఫ్యాను కింద కూర్చున్నా కళ్లు తప్ప ఏమీ కనిపించడం లేదు. నా పక్కనున్న పిల్ల ఫోన్‌లో ఎవరికో మెల్లగా చెబుతోంది, "మొటిమలకు గోలీలు రాసిన్రు, పరిగడుపున వేస్కోవాల్నట" అని. ఆ మాట చెవిన పడగానే నాకు నవ్వు ఆగలేదు. ఆ పిల్ల నా వైపు అనుమానంగా చూసి కాస్త దూరం జరిగింది. ఈ ముసలావిడ చూపించుకోవాల్సింది చర్మం డాక్టరుకు కాదేమో అనుకుని ఉంటుంది. తప్పు ఆమెది కాదు, మా నాయినమ్మది.

నాకు గర్వం ఎక్కువని మా ఇంట్లో పేరు. ఉన్నదే, కాదనను. అయితే పదిహేడేళ్ల వయసులో నన్ను చూసిన వాళ్లెవరూ ఆ మాట అనలేరు. అప్పుడు నేను తల ఎత్తి నడిచిన పాపాన పోలేదు. మా ఊరు బోధన్ పక్కన, చుట్టూ చెరుకు తోటలు. చక్కెర ఫ్యాక్టరీ నడిచే కాలంలో చెరుకు బండ్లు రోడ్డు పొడవునా బారులు తీరేవి, మడ్డి వాసన అన్నంలోకి కూడా వచ్చేది, ఆరేసిన బట్టల మీద మసి రాలేది. ఆ మసి దులిపితే పోయేది, నా ముఖం మీద వచ్చినవి మాత్రం పోయేవి కావు. బుగ్గల నిండా, నుదుటి నిండా, గడ్డం కింద కూడా మొటిమలు, ఎర్రగా, చీము పట్టి. చూసినవాళ్లంతా వైద్యులే. బెల్లం ఎక్కువ తిన్నదని ఒకరు, ఒంట్లో వేడి అని ఒకరు, వయసు పొంగని నవ్వుతూ ఇంకొకరు. వేపాకు నూరారు, శనగపిండి పట్టించారు. నాయినమ్మ అయితే మూడు పూటలా పసుపే. ఆమె పుట్టింది భీమ్‌గల్ దిక్కు పసుపు పండించే ఇంట్లో. చెరుకు ఊరికి కోడలుగా వచ్చి ముసలిదైనా చెరుకును పంటగా లెక్కచేయలేదు. చెరుకును ఎవరైనా తింటారు, పసుపుతో గౌరమ్మను చేసి మొక్కుతారు, ఏది గొప్పదో మీరే చెప్పండని వాదించేది. ఏటా పుట్టింటి నుంచి పసుపు తెప్పించుకుని తన సందుగు పెట్టెలో బంగారంలా దాచుకునేది.

పది పాసయ్యాక నిజామాబాద్‌లో టీచర్ ట్రైనింగ్‌లో సీటు వచ్చింది. మా ఊళ్లో ఆడపిల్ల టీచరు కావడం అప్పటికి లేదు. మేం బాపు అని పిలిచే మా నాన్న ఊరంతటికీ చెప్పుకున్నాడు. ఆయన నవ్వుతూ చెప్పుకోవడం నేను చూసింది అంతకుముందు లేదు. పట్నంలో ఒక గది కిరాయికి తీసుకుని, వంటకూ కాపలాకూ నాయినమ్మను నాతో పంపాడు. ఆమె తన సందుగు లేకుండా బండెక్కనంది, అదీ వచ్చింది. అంతా బాగానే ఉంది గాని, ట్రైనింగ్‌లో ప్రతివాళ్లూ పక్క బడిలో పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పి చూపించాలని నాకు తెలియదు. మొదటిసారి బోర్డు వైపు తిరిగినప్పుడు వెనక ఎవరో కిసుక్కుమన్నారు, ఇక క్లాసంతా నవ్వు. నా ముఖం గురించేనో కాదో ఇప్పటికీ తెలియదు, నాకు మాత్రం అప్పుడు అనుమానమే కలగలేదు. సుద్దముక్క అక్కడే పెట్టి బయటికి వచ్చేశాను. తర్వాతి పాఠం రోజున కడుపునొప్పి అన్నాను. మా పాఠాలు చూసే పెద్ద టీచరమ్మ నన్ను పిలిచి, ఇంకోసారి తప్పిస్తే సర్టిఫికెట్ మీద ఆశ వదులుకోమని చెప్పింది. ఆ తర్వాత ఇంటికి పోవడమే. బాపు నన్నేమీ అనడు, ఊళ్లో వాళ్లకే ఏం చెప్పాలో తెలియక తల దించుకుంటాడు. నాకు అది తలుచుకుంటేనే చచ్చిపోవాలనిపించేది.

స్టేషన్ దగ్గర ఒక లేడీ డాక్టరు ఉండేది. నాయినమ్మ వద్దంటున్నా వినకుండా వెళ్లాను, ఆమె గొణుగుతూ వెంట వచ్చింది. డాక్టరమ్మ నా గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి చూసింది. ముఖానికి రాసే మందు ఇస్తుందనుకుంటే మింగే మందు రాసింది. "ఖాలీ పేట్, పరిగడుపున వేస్కోవాలె బేటా. గోలీతోని పాలు, పెరుగు ముట్టద్దు. జల్దీ తగ్గయి, నెలలు పడ్తది. సబర్ చెయ్యాలె" అంది. మందుల దుకాణంలో చిన్న సీసాలో పోసి ఇచ్చారు, రెండు ముక్కలు కలిపినట్టుండే క్యాప్సూళ్లు. ముఖం మీద పుండుకు కడుపులోకి మందేమిటని, పాలు వద్దనే వైద్యం ఎక్కడైనా ఉందా అని నాయినమ్మ దారి పొడవునా సణిగింది. గదికి రాగానే ఒక గోలీ తీసి రెండు వేళ్లతో లాగితే టక్కున విడిపోయింది. లోపల పసుప్పచ్చని పొడి. ఆమె కళ్లు విప్పారాయి. వాసన చూసింది, నాలుకకు అద్దుకుంది, థూ అని ఉమ్మేసింది.

"గిది పసుపే గదనే" అంది. "గని మంచిది గాదు. పురుగువట్టిన సరుకు. చేదుగున్నది."

నేను పడీపడీ నవ్వాను. చాలా రోజుల తర్వాత నవ్వడం అది. విచిత్రమేమంటే ఆ రోజు నుంచి ఆమె మందు మీద ఒక్క మాట అనలేదు. పైగా తెల్లవారకముందే లేపి, పరిగడుపున గోలీ, చెంబుతో నీళ్లు చేతికిచ్చేది. దారికి వచ్చిందని సంతోషించాను. అప్పుడప్పుడు పసుపు తేన్పులు వచ్చేవి గాని, నాయినమ్మ వంట తినేవాళ్లకు అవి రాకపోతేనే ఆశ్చర్యం.

మొటిమలు అలాగే ఉన్నాయి. అయినా నాకేమీ దిగులు లేదు. మందు లోపలికి వెళ్లింది, పని చేస్తోంది, ఇవి ఇక పోయేవే. పోయే చుట్టాల గురించి సిగ్గుపడటం ఎందుకు? ఆ ధైర్యంతోనే మూడోసారి పాఠానికి నిలబడ్డాను. చెరుకు నుంచి చక్కెర ఎలా వస్తుందనేది పాఠం. బాపు పంపిన చెరుకు గడ ఒకటి చేత్తో పట్టుకుని వెళ్లాను. పెద్ద టీచరమ్మ వెనక బల్ల మీద కూర్చుంది. నేను నోరు తెరవకముందే ముందు వరసలో ఒక చిన్నపిల్ల లేచి, "టీచర్, మీ మొఖానికి ఏమైంది?" అని అడిగింది. వెనక టీచరమ్మ లేవబోయింది. నేను ఆ పిల్ల దగ్గరికి వెళ్లి, ముఖం బాగా కనపడేలా వంగి, "మొటిమలు. మందు వేస్కుంటున్న, పోతయి. నువ్వు చెరుకు గడ నమిలినవా ఎప్పుడన్న?" అన్నాను. నమిలానంది. ఇంకో పదిమంది మేమూ నమిలామన్నారు. అంతే, ఇక నన్ను ఆపే దిక్కు లేదు. బండ్ల బారు, రసం, కాగే కడాయిలు, మడ్డి, మసి, నాకు ముక్కుతో కూడా తెలిసిన పాఠమది. గంట కొట్టినా పిల్లలు కదల్లేదు. టీచరమ్మ నా దగ్గరికి వచ్చి, ఇన్నాళ్లూ ఈ గొంతు ఎక్కడ దాచిపెట్టావని అడిగింది.

సీసా ఖాళీ కావస్తుండగా మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆమె నా ముఖం చూసి నొసలు ముడిచింది. కాస్తయినా తగ్గి ఉండాలే అంది. పాలతో వేసుకున్నావా, మధ్యలో మానేశావా అని అడిగింది. లేదు, లేదు అని చెప్పాను. మందు పెంచి రాస్తానని చీటీ తీసుకుంది. నాయినమ్మ ఇక కూర్చోలేకపోయింది.

"పెంచకుండ్రి డాక్టరమ్మా. మీ గోలీలల్ల పసుపు మంచిగ లేకుండె. అది పారవోసి మా భీమ్‌గల్ పసుపు నింపిన. ఒక్కటి గుడ ఇడువలే."

తప్పు చేసినట్టు కాదు, మెచ్చుకోలు కోసం చూస్తున్నట్టు చెప్పింది. డాక్టరమ్మ కలం మూత పెట్టి, సీసాలో మిగిలిన గోలీ ఒకటి విప్పి వాసన చూసింది. చాలాసేపు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వింది. తర్వాత ఓపిగ్గా, అది పసుపు కాదని, రంగు మాత్రమే అలా ఉంటుందని చెప్పింది. తెల్లనివన్నీ పాలు కావని ఊరందరికీ చెప్పే నాయినమ్మ, పచ్చనివన్నీ పసుపు కావని మాత్రం ఒప్పుకోలేదు.

రిక్షాలో నేను ఓ మూలకు జరిగి కూర్చున్నాను. కోపం కన్నా భయం ఎక్కువగా ఉంది. ఏడాది చివర పరీక్ష పాఠం ఇంకా ముందుంది. నేను మందును నమ్ముకుని నిలబడ్డాను, ఆ మందు నా కడుపులో లేనే లేదు. కూరలో వేసే పసుపు మింగి అంత ధైర్యం చేశానా? ఇంకోసారి ఎలా నిలబడతాను? రైల్వే గేటు పడి రిక్షా ఆగింది. నేను ఏడుస్తూ ఇదంతా ఆమె మొహం మీదే అనేశాను. నాయినమ్మ నొచ్చుకోలేదు. గూడ్సుబండి పోయేదాకా ఆలోచించింది.

"నా పసుపు పని చెయ్యలే అంటివి. డాక్టరమ్మ మందు నీ కడుపుల పడనే లేదాయె," అంది. "మరి గా దినం పొల్లగాండ్ల ముందట నిలవడ్డదెవరే బిడ్డా?"

గేటు ఎత్తారు, రిక్షా కదిలింది, ఆమె నా చేయి తన ఒళ్లో పెట్టుకుని గట్టిగా పట్టుకుంది.

తర్వాత కొత్తగా కొన్న సీసా నా పెట్టెలో పెట్టి తాళం వేసుకుని అసలు గోలీలే వేసుకున్నాను. డాక్టరమ్మ చెప్పినట్టే నెలలు పట్టింది, ముఖం మెల్లగా నునుపు తేలింది, బుగ్గ మీద రెండు మూడు గుంతలు మాత్రం ఉండిపోయాయి. మొటిమలు పూర్తిగా తగ్గకముందే పరీక్ష పాఠం చెప్పాను, ఫస్ట్ క్లాసులో పాసయ్యాను. బోధన్ పక్క పల్లెలో ఉద్యోగంలో చేరిన రోజు బాపు బడి గేటు దాకా వచ్చి, లోపలికి రాకుండా అక్కడే నిలబడి, దారిన పోయే వాళ్లందరికీ నన్ను వేలెత్తి చూపించాడు. నాకు సిగ్గేయలేదు, ఇంకొంచెం నిటారుగా నిలబడ్డాను. ఎన్ని క్లాసుల ముందు నిలబడి రిటైరయ్యానో లెక్క పెట్టుకోలేదు గాని, ఎవరి ముందూ ముఖం తిప్పుకున్నది లేదు. ఆ ముఖం ఇప్పుడు ముడతలు పడింది, అద్దంలో చూస్తే నాకే కొత్తగా ఉంటుంది. మందు లేకుండానే పిల్లల ముందు నిలబడ్డదని రైల్వే గేటు దగ్గర నాకు తెలిసివచ్చిన ఆ పదిహేడేళ్ల పిల్లకు మాత్రం కాలం ఇంకా ఒక్క ఏడాది వయసైనా పెంచలేకపోయింది.