ఫ్రెంచి దొర పదకొండు పుస్తకాలకు నేనాడిన బేరం

నన్ను బేరంలో చిత్తుగా ఓడించిన మనిషి ఈ కలకత్తా మహానగరంలో ఒక్కరే ఉన్నారు. అది నేనే. ఓడించింది నేను, ఓడిపోయింది నేను, చూసి చప్పట్లు కొట్టాల్సింది మీరు. తీరిగ్గా కూర్చోండి, ఘోరం జరగబోతోంది.

మెటియాబ్రుజ్‌లో మా నాన్నది గుండీలు, దారాల కొట్టు. చుట్టూ దర్జీల కార్ఖానాలు. నేను నడక నేర్చింది గుండీల డబ్బాలు పట్టుకుని, మాటలు నేర్చింది బేరాలు విని. పేరుకు నాన్న కొట్టే గాని గల్లాపెట్టె మీద చెయ్యి మా మేనత్త సారమ్మది. ఆవిడ శాస్త్రమంతా ఒక్క ముక్కలో ఉంది: కావాల్సిన సరుకుని, అత్తగారు కొత్తకోడలి కూర చూసినట్టు చూడాలి. మొహంలో ఆశ కనబడిందా, ధర మేడెక్కి కూర్చుంటుంది.

గుండీలు పొట్లాలు కట్టడానికి పాత పుస్తకాలు కిలోల లెక్కన కొనేవాళ్ళం. వాటిలో ఒకదాని అట్ట మీద ఒక ఫ్రెంచి రచయిత పేరుంది. ఆ పేరు సరిగ్గా పలకాలంటే గట్టి జలుబు చేసి ఉండాలి. నాకు చెయ్యలేదు కాబట్టి దొర అనే అందాం. ముందుమాటలో దొరగారి జీవితం ఉంది, ఇంగ్లీషులో. పందొమ్మిదో శతాబ్దం మనిషి. నలభై ఏళ్ళు వచ్చేదాకా నాటకాలు రాశాడు. ఒక నాటకం మొదటి ప్రదర్శనలో జనం ఈలలేసి గోల చేస్తుంటే, జనంలోనే కూర్చున్న ఈయన కూడా లేచి, అందరికంటే గట్టిగా ఈలేసి, తన నాటకాన్ని తనే వెక్కిరించాడట! ఆ తరవాత మళ్ళీ నాటకం ముట్టుకోలేదు, నవలల్లో పడ్డాడు. 'దీనికి కారణం ఏమిటంటే' అని పేజీ చివర ఉంది. పక్క పేజీని డజను తెల్ల గుండీలతో సహా ఎవరో దర్జీ పట్టుకుపోయాడు.

నవల సంగతి ఇంకా దారుణం. చచ్చిపోయిన మొగుడి పెట్టెకి భార్య తాళంచెవి పెట్టి తిప్పింది. అంతే. మిగతా కథంతా జిప్పులకి చుట్టేశాం.

"అత్తా, ఆ పెట్టెలో ఏముందే?" అని ఏడిస్తే, "కిలోల్లెక్కన కొన్న కథకి కొస కూడా కావాలేటే నీకు?" అంది అత్త.

ఆ కొసా, ఆ ఈల వెనక కారణమూ నా మెదడులో రెండు చేపముళ్ళలా ఇరుక్కుపోయాయి. నాకు ఇరవయ్యారేళ్ళు వచ్చి, న్యూ టౌన్‌లో ఉద్యోగం చేస్తున్నప్పుడు, ఆఫీసులో ఒక స్నేహితురాలు చల్లగా చెప్పింది: భవానీపూర్‌లో వాళ్ళ పక్కింటి దాదు, అంటే తాతగారు, రిటైరైన ఫ్రెంచి మాస్టారు, చిన్న ఇంటికి మారిపోతూ అల్మారాలు ఖాళీ చేస్తున్నారట. ఆయన దగ్గర మన దొర పుస్తకాలు మొత్తం పదకొండూ ఇంగ్లీషులో ఉన్నాయట. "చెప్పి ఉంచుతాను, వెళ్ళి చూడు" అంది. ధర చెప్పలేదు. ధర చెప్పలేదంటే మా వంశంలో ఒకటే అర్థం: ఆయుధాలతో రమ్మన్నారని.

నా ఆయుధం సారమ్మత్త. బస్సులో దారి పొడుగునా పాఠమే.

"ఆ పళ్ళు లోపలెట్టు. పెళ్ళికూతురు మొగమేటే అది! నన్ను సూడు."

చూశాను. పాలు విరిగిపోయిన ఇంట్లో ఉండాల్సిన మొహం.

దాదు రెండో అంతస్తులో ఉంటారు. తలుపు తీసి, నవ్వి, కూర్చోబెట్టారు. ఎదురుగా బల్ల మీద ఎర్ర అట్టల పుస్తకాలు పదకొండు, వరసగా. నా గుండె గూడ్సు బండిలా దడదడలాడింది. నేను మాత్రం ఫ్యాను వైపు చూశాను.

"ఈయన గురించి నీకెలా తెలుసు, మా?" అన్నారు దాదు. ఇక్కడి పెద్దవాళ్ళు ఆడపిల్లల్ని ప్రేమగా 'మా' అనే పిలుస్తారు.

"ఏదో, పేరు విన్నట్టుంది దాదు."

"మరి ఎందుకు కావాలి?"

"ఇంట్లో ఒక అల్మారా ఖాళీగా ఉంది. ఈ రంగు నప్పుతుందేమోనని."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ధర మాత్రం చెప్పలేదు.

"గట్టోడే," అంది అత్త తెలుగులో. "నోరిప్పట్లేదు సూడు."

"అత్తా, ఇవి లేకుండా నేను ఇంటికి రాను. నిజం. ఇక్కడే చచ్చిపోతాను."

"సావు. మొగం మీద మాత్రం కనబడనీకు."

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆయనకి తెలుగు వచ్చుంటే ఈ కథ ఇక్కడితో సుఖాంతం. రాదు. అదీ నా ఖర్మ.

అత్త లేచి సరుకు పరీక్ష మొదలెట్టింది. ఒక పుస్తకం వాసన చూసింది. రెండిటిని పక్కపక్కన పెట్టి, లావుల్లో తేడా ఉందని బెంగాలీలో ఫిర్యాదు చేసింది. ఆఖరికి వేలితో లెక్కపెట్టి, "దాదు, ఇవి పదకొండే ఉన్నాయి. డజనుకి ఒకటి తక్కువ. తగ్గినదానికి తగ్గించుకోవాలి కదా?" అంది.

"ఆయన రాసింది పదకొండే అమ్మా. పన్నెండోది రాసేలోగా పోయారు."

"అది మా తప్పా?"

దాదు లేచారు. లోపలికి వెళ్ళి టీ తెచ్చారు. నాకిక కడుపులో ప్రశ్న ఆగలేదు. ఏదో వాన గురించి అడుగుతున్నట్టు మొహం పెట్టి, "అవునూ, ఈయన తన నాటకానికి తనే ఈలేశాడట కదా?" అన్నాను.

ఆయన మొహం చూడాలి మీరు! కరెంటు పోయి వచ్చిన ఇల్లులా వెలిగింది. కుర్చీ ముందుకి జరుపుకున్నారు.

"ఎవరికీ తెలియని సంగతి అడిగావు, మా! ఆ రోజు జనం వెక్కిరించింది నాటకాన్ని కాదు, మీసం ఊడిపోయిన ఒక నటుణ్ణి. ఈయనకి మహా సిగ్గు. పక్కవాడు తనవైపు చూసేసరికి, రాసింది తనేనని కనిపెట్టేస్తాడేమోనని హడలిపోయి, అందరికంటే గట్టిగా ఈలేశాడు. థియేటరు యజమాని పైనుంచి చూశాడు. రాసినవాడికే నచ్చలేదు, ఇంకెందుకని మర్నాడే ఆపేశాడు. అన్ని నాటకాల్లోనూ ఈయనకి ప్రాణం అదే."

ఇన్నేళ్ళ ముళ్ళలో ఒకటి ఊడింది! లేచి దాదు కాళ్ళకి దండం పెట్టాలనిపించింది. సరిగ్గా అప్పుడే అత్త మోచెయ్యి నా డొక్కలో దిగింది.

"మురిసిపోకే. రేటు లేచిపోద్ది."

నేను మొహం మాడ్చుకుని, గొంతు పెంచి అన్నాను: "ఎంత వెర్రిబాగులవాడు దాదు! ప్రాణంగా చూసుకున్నదాన్ని తనే తిట్టి పోగొట్టుకుంటాడా ఎవడైనా? ఇలాంటోడి పుస్తకాలు ఈ రోజుల్లో ఎవరు చదువుతారు?"

దాదు టీకప్పు కింద పెట్టేశారు.

"లే," అంది అత్త. "మెట్లు దిగుదాం. మూడో మెట్టుకి పిలుస్తాడు."

మూడో మెట్టు. పిలవలేదు. ఆరో మెట్టు. పిలవలేదు. మలుపు దగ్గరికి వచ్చాక పైనుంచి, "మా, ఒక్క నిమిషం!" అని వినబడింది. అత్త నావైపు, దేశాన్ని జయించిన రాణిలా చూసింది. పరుగున పైకెక్కాం.

ఆయన చేతిలో అత్త మర్చిపోయిన గొడుగుంది.

నేనక్కడ చేతులెత్తేశాను. "దాదు, మీదే గెలుపు. చివరి మాట చెప్పండి. ఎంత?"

"దేనికి ఎంత?"

"పుస్తకాలకి."

"అమ్ముతానని ఎవరన్నారు, మా?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "ఇన్నేళ్ళు పాఠాలు చెప్పాను, ఆయన్ని ఇష్టపడి అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. ఒక్కరొచ్చినా చాలు, పదకొండూ చేతిలో పెట్టి పంపేద్దామనుకున్నాను. నువ్వొస్తున్నావంటే పొద్దున్నే లేచి దుమ్ము కూడా దులిపాను."

అప్పుడు చెప్పాను. గుండీలు, పొట్లాలు, ఊడిపోయిన పేజీ, తాళంచెవి, పెట్టె, అన్నీ ఒక్క గుక్కలో. అబద్ధం ఒక్కటి లేదు. జీవితంలో అంత నిజం ఒకేసారి ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆయన ఓపిగ్గా విని, మెత్తగా నవ్వారు. "బాగా చెప్పావు, మా. ఊరికే ఇస్తానని తెలియకముందు చెప్పుంటే నమ్మేవాణ్ణి."

తలుపు చప్పుడు కాకుండా మూసుకుంది.

రోడ్డు మీదికొచ్చాక అత్త గొడుగు విప్పుకుని, "ఊరికేనని ముందే సెప్పుంటే, పుస్తకాలు మొయ్యటానికి టాక్సీ కిరాయి కూడా ఆయన్నే ఎట్టుకోమందుము," అంది.

కాబట్టి పెద్దలారా, దర్జీలారా, సమస్త కలకత్తా తెలుగు ప్రజలారా, ఇదే నా ప్రమాణం: ఇకమీదట నచ్చిన వస్తువు ఎదురైతే, నచ్చిందని మొదటి నిమిషంలోనే, ఫ్యాను వైపు చూడకుండా చెప్పేస్తాను. చేపల బజారుకి ఈ ప్రమాణం వర్తించదు.

ఇక బిల్లు, నిజాయితీగా. పుస్తకాల ధర సున్నా. ఆ సున్నా మీద మేమడిగిన తగ్గింపు డజనుకి ఒకటి. రాకపోకలకి ఇద్దరి బస్సు టిక్కెట్లు. లాభం కింద రెండు కప్పుల టీ, దొర ఎందుకు ఈలేశాడో ఆ సంగతీ. నష్టం కింద పదకొండు పుస్తకాలు. ఒక పెద్దాయన పొద్దున్నే లేచి దులిపిన దుమ్ముకి ఎంత వెయ్యాలో మాత్రం నాకు తెలియలేదు. ఆ గడి ఖాళీగానే ఉంది.